ఈరీ సరస్సు మీద ఒక పగలు

చేతిలో సన్నని వెదురుకర్ర. దాని కొసకు దారం. దారం మధ్యలో నెమలీక కాడతో చేసిన బెండు. చివర ముల్లు, ముల్లుకు గుచ్చిన ఎర్ర. మన చెరువుగట్ల మీద గాలం వేసి కూర్చున్న వాళ్లను మీరు చూసే ఉంటారు. మీలో కొందరు బడి లేని రోజున స్వయంగా వేసి కూడా ఉంటారు. బెండు మునిగితే చేప పడినట్టు. మునగకపోతే సాయంత్రం వట్టి చేతులతో ఇంటికి!

ఒక్క సంగతి గమనించండి. గాలం వేసేవాడికి నీటి అడుగున ఏముందో కనిపించదు. అయినా అనుభవం ఉన్నవాడు ఎక్కడ పడితే అక్కడ కూర్చోడు. ఒక చోటు ఎంచుకొంటాడు. ఒక వేళ ఎంచుకొంటాడు. ఎర ఎంత లోతున ఉండాలో బెండును పైకీ కిందికీ జరిపి సరిచేసుకొంటాడు. చోటు, వేళ, లోతు – ఈ మూడూ అతనికి ఎలా తెలుస్తాయి? చేపకు ఆ చోటే ఎందుకు ఇష్టం? ఆ వేళే ఎందుకు ఆకలి?

ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ మనం ఇప్పుడు చాలా దూరం వెళ్లబోతున్నాం. అమెరికా, కెనడా దేశాల సరిహద్దు మీద ఉన్న ఈరీ సరస్సుకు! అక్కడ పగలంతా పడవ మీద గడిపి, రెండు రకాల మంచినీటి చేపలను పట్టే వాళ్లతో ఊహలో ప్రయాణం చేద్దాం.

తెల్లవారకముందే రేవులో

ఆగస్టు నెల చివరి రోజులు. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరం. కయహోగా అనే నది ఇక్కడే సరస్సులో కలుస్తుంది. ఇంకా చీకటి విడిపోలేదు. రేవులో తొమ్మిది, పది మీటర్ల పొడవున్న మోటారు పడవ ఒకటి సిద్ధంగా ఉంది. దీన్ని ‘చార్టర్’ పడవ అంటారు. అంటే కెప్టెన్‌తో సహా రోజంతటికీ అద్దెకు కుదుర్చుకొన్న పడవ అన్నమాట. గాలాలు, ఎరలు, వలబుట్టలు, మంచుపెట్టె అన్నీ అందులోనే ఉంటాయి. ఇలాంటి చిన్న పడవ నడపటానికి కూడా అమెరికా తీరరక్షక దళం నుండి లైసెన్సు ఉండాలి. మామూలు లైసెన్సు ఉన్న కెప్టెన్ డబ్బు తీసుకొని ఆరుగురిని మించి ఎక్కించుకోకూడదు. సరస్సే గదా అని తేలిక చేయకండి. లోతు తక్కువైన ఈ సరస్సు మీద గాలి లేచిందంటే కొద్దిసేపట్లోనే ఎత్తయిన, ఇరుకైన అలలు పుడతాయి. అందుకే ఎక్కగానే అందరికీ ప్రాణరక్షక కోట్లు చూపిస్తారు.

ఈ సరస్సు పొడవు సుమారు 388 కిలోమీటర్లు. వెడల్పు ఎక్కువగా ఉన్నచోట 92 కిలోమీటర్లు. విస్తీర్ణం దాదాపు 25,700 చదరపు కిలోమీటర్లు. గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. సముద్రమే అనుకొంటారు, నోట్లో పోసుకొని చూస్తే మాత్రం ఉప్పదనం ఉండదు!

ఉత్తర అమెరికాలోని అయిదు మహాసరస్సులలో ఇది అన్నిటికంటే లోతు తక్కువది. సుపీరియర్ సరస్సు గరిష్ఠ లోతు 406 మీటర్లయితే, దీని గరిష్ఠ లోతు 64 మీటర్లు. సగటు లోతు 19 మీటర్లే. అయిదింటిలో అతి తక్కువ నీరు ఉన్నది కూడా దీనిలోనే. కాని చేపల విషయంలో ఇదే అన్నిటికంటే సంపన్నమైనది. కారణం కష్టమేమీ కాదు. లోతు తక్కువ కనుక నీరు త్వరగా వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న సారవంతమైన పొలాల నుండి పోషకాలు వచ్చి చేరతాయి. వెలుతురు, వెచ్చదనం, పోషకాలు ఉన్నచోట సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. నాచును తిని నీటిపురుగులు, వాటిని తిని చిట్టిచేపలు, వాటిని తిని పెద్దచేపలు పెరుగుతాయి. ఈ పోషకాల మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇద్దరు దాయాదులు

మనం వెతుకుతున్న చేపలలో మొదటిది వాల్‌ఐ. ఈ పేరు వినగానే మన గోదావరి, కృష్ణలలో దొరికే వాలుగ చేప గుర్తుకు రావచ్చు. రెండింటికీ సంబంధం లేదు. వాలుగకు పొలుసులుండవు, మీసాలుంటాయి. అది జెల్లల జాతిది. దాని శాస్త్రనామంలోని ‘వల్లాగో’ అన్న మాట మన తెలుగు పేరు నుండే వచ్చింది. వాల్‌ఐకి మాత్రం ఆ పేరు దాని కన్నును చూసి పెట్టారు. పెద్దగా, పాలగాజులా మెరిసే కన్ను అది. ఒళ్లు ఆకుపచ్చ, బంగారు రంగుల కలయిక. తోక కింది కొసన తెల్లని మచ్చ. నోటినిండా వాడి పళ్లు. సాధారణంగా ఒకటి, రెండు కిలోలు తూగుతుంది. ఏడు కిలోలు దాటినవి కూడా పడ్డాయి.

రెండవది పసుపు పెర్చ్. జానెడు పొడవుండే చిన్నచేప. పసుపుపచ్చని ఒంటి మీద ఆరు నుండి ఎనిమిది వరకు నల్లని అడ్డపట్టీలు. గుంపులు గుంపులుగా తిరుగుతుంది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే. దాయాదులే అయినా వీటి మధ్య సఖ్యత లేదు. వాల్‌ఐ అవకాశం దొరికితే పెర్చ్‌ను మింగేస్తుంది!

చీకటిని ఆయుధంగా చేసుకొన్న కన్ను

పడవ గట్టు వదిలింది. కెప్టెన్ ఇంత పెందలాడే ఎందుకు బయలుదేరదీశాడు?

రాత్రి బస్సులో వెళ్లేటప్పుడు దీపాల వెలుగు పడి రోడ్డు పక్కనున్న ఆవు కళ్లో, పిల్లి కళ్లో తళుక్కున మెరవటం మీరు చూశారు గదా! ఆ కళ్లలో నేత్రపటలం వెనుక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని ‘టపీటం’ అంటారు. కంట్లోకి వచ్చిన వెలుతురు నేత్రపటలాన్ని దాటిపోతే, ఈ పొర దాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. అంటే వెలుతురును పట్టుకోవటానికి కంటికి రెండో అవకాశం దొరుకుతుంది. మసక వెలుగులో చూడటానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

వాల్‌ఐ కంట్లో అటువంటి పొరే ఉంది. పెర్చ్ కంట్లో లేదు. దాని ఫలితం చూడండి. పగటివేళ పెర్చ్‌లు చక్కగా చూడగలవు. గుంపు కట్టి తిరుగుతూ మేత మేస్తాయి. పొద్దు వాలి వెలుతురు తగ్గాక వాటికి ఒకదానికొకటి కనిపించవు. గుంపు చెదిరిపోతుంది. ఎక్కడివక్కడ అడుగున సర్దుకొంటాయి. సరిగ్గా ఆ సంధ్యవేళే వాల్‌ఐ వేట మొదలవుతుంది. తనకు కనిపిస్తుంది, ఎదుటి చేపకు కనిపించదు! తెల్లవారుజామున కూడా ఇంతే.

మరి మిట్టమధ్యాహ్నం మాటేమిటి? అప్పుడు వాల్‌ఐ వెలుతురు తక్కువ ఉన్న లోతులకు దిగుతుంది. లేదా నీరు మడ్డిగా ఉన్నచోట ఉంటుంది. అలలు రేగినప్పుడు కూడా దానికి అనుకూలమే. అద్దంలా నిలకడగా ఉన్న నీటిలోకంటే, అలలు లేచిన నీటిలోకి వెలుతురు చెదిరిపోయి దిగుతుంది. అందుకే గాలం వేసేవాళ్లు కాస్త గాలి వీస్తే సంతోషిస్తారు. ‘వేళ’ రహస్యం ఇదన్నమాట.

శబ్దంతో లోతు కొలవటం

తీరం నుండి పదిహేను కిలోమీటర్లకు పైగా వచ్చాం. ఎటు చూసినా నీరే. ఇక్కడ లోతు 18 మీటర్లని కెప్టెన్ చెప్పాడు. తాడు వేసి కొలవలేదే! అతని ముందున్న చిన్న తెర చూసి చెప్పాడు.

పడవ అడుగున ఒక పరికరం ఉంది. అది మన చెవికి వినపడనంత హెచ్చు పౌనఃపున్యం గల శబ్దాన్ని చిన్న చిన్న తునకలుగా కిందికి పంపుతుంది. శబ్దం అడుగు తాకి ప్రతిధ్వనిగా తిరిగివస్తుంది. మంచినీటిలో శబ్దవేగం సెకండుకు సుమారు 1,480 మీటర్లు. 18 మీటర్లు దిగి, 18 మీటర్లు ఎక్కాలి, అంటే మొత్తం 36 మీటర్లు. 36ను 1,480తో భాగిస్తే సుమారు 0.024 సెకండు వస్తుంది. పరికరం చేసే పని దీనికి తిరుగుడు లెక్క. కాలాన్ని కొలిచి, దాన్ని శబ్దవేగంతో హెచ్చించి, సగం చేసి లోతు చూపుతుంది.

తెర మీద నడుమ అక్కడక్కడా చిన్న వంకరగీతలు కనిపిస్తున్నాయి. అవే చేపలు! ఇక్కడ ఒక చిక్కుంది. చేప కండలో ఎక్కువ భాగం నీరే. శబ్దానికి కండ దాదాపు నీటిలాగే ఉంటుంది కనుక ప్రతిధ్వని బలంగా రాదు. బలమైన ప్రతిధ్వని ఇచ్చేది చేప పొట్టలో ఉన్న గాలితిత్తి. నీటికీ గాలికీ ఉన్న తేడా చాలా ఎక్కువ. అందువల్ల ఆ తిత్తి నుండే శబ్దం వెనక్కి తిరుగుతుంది. కెప్టెన్ చూస్తున్నది నిజానికి చేపను కాదు, చేప కడుపులోని గాలిబుడగను!

మరి గీత నిటారుగా కాక విల్లులా ఎందుకు వంగింది? పడవ చేపను సమీపించేటప్పుడు వాటి మధ్య దూరం ఎక్కువ. సరిగ్గా చేప మీదికి వచ్చినప్పుడు అతి తక్కువ. దాటిపోయాక మళ్లీ ఎక్కువ. దూరం మారితే తెర మీద లోతు మారినట్టే కనిపిస్తుంది. అందుకే నడుమ పైకి లేచి, రెండు కొసలూ కిందికి వంగిన విల్లు ఏర్పడుతుంది. లంబకోణ త్రిభుజం గీసి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక గాలాలు దించారు. ఇక్కడ బెండు లేదు. పడవ గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంతో, మనిషి నడకలా సాగుతుంటే వెనుక ఆరేడు దారాలు వేర్వేరు లోతులలో ఈదుతున్నాయి. చివర ఉన్నది నిజమైన ఎర కాదు. చిట్టిచేప ఆకారంలో చేసిన రేకుముక్క. అది నీటిలో ఊగుతూ అలజడి పుట్టిస్తుంది. చేప ఒంటి పక్కన తల నుండి తోక దాకా ఉండే పార్శ్వరేఖ ఆ అలజడిని పసిగడుతుంది. మొదట ఒంటితో ‘విని’, తరువాత కంటితో చూసి, వాల్‌ఐ ఎర మీదికి వస్తుంది. 12 మీటర్ల లోతున వేసిన దారం బిగిసింది. రీలు గిరగిర తిరిగింది. మొదటి చేప పడవ మీదికి వచ్చింది!

నీటిలో అంతస్తులు

పన్నెండు మీటర్ల దగ్గరే చేపలు పడుతున్నాయి. మరి అడుగున ఎందుకు పడటం లేదు?

మీరు ఒక చిన్న ప్రయోగం చేయండి. గాజుగ్లాసులో సగం వరకు చల్లని నీరు పోయండి. మరో గ్లాసులో గోరువెచ్చని నీటికి రెండు చుక్కల సిరా కలపండి. చల్లని నీటి మీద ఒక చెంచా ఆనించి, ఆ చెంచా మీదుగా వెచ్చని నీటిని మెల్లగా పోయండి. రంగు నీరు కలిసిపోకుండా పైనే తేలుతుంది. వెచ్చని నీటి సాంద్రత తక్కువ గనుక అలా జరుగుతుంది.

ఎండకాలంలో ఈరీ సరస్సు నడిమి భాగంలో జరిగేది ఇదే. ఆగస్టులో పైనీరు 24 సెంటిగ్రేడు డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అడుగునీరు చాలా చల్లగా ఉండిపోతుంది. రెండింటి నడుమ కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోయే పొర ఒకటి ఉంటుంది. గాలి పైనీటిని కలియబెట్టగలదు గాని, ఈ పొరను దాటి కిందిదాకా కలపలేదు. అంటే అడుగునీటికి తలుపు మూసుకుపోయినట్టే. గాలి నుండి కొత్త ఆక్సిజన్ దానికి అందదు.

అదే సమయంలో పైనుండి చచ్చిన నాచు అడుగుకు రాలుతుంది. బాక్టీరియా దాన్ని కుళ్లబెడుతూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకొంటుంది. ఈ సరస్సు నడిమి భాగం సగటు లోతు 18 మీటర్లే గదా! అందువల్ల చల్లని పొర చాలా పలచన. అందులోని ఆక్సిజన్ నిల్వ కూడా తక్కువ. తూర్పు భాగం ఇంకా లోతు. అక్కడ చల్లని పొర దళసరిగా ఉండి నిల్వ సరిపోతుంది. పడమటి భాగం మరీ లోతు తక్కువ. గాలి అడుగుదాకా కలిపేస్తుంది. నడిమి భాగానికే ఈ కష్టం. పైనీటిలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్నప్పుడు అడుగున రెండు మిల్లీగ్రాములు కూడా ఉండకపోవచ్చు. అంత తక్కువలో చేప నిలవలేదు. దాన్నే ‘మృతమండలం’ అంటారు.

‘లోతు’ రహస్యం ఇప్పుడు మీకు తెలిసిపోయింది. పైన వెలుతురు, వేడి ఎక్కువ. అడుగున ఊపిరి లేదు. చేపలు నడిమి అంతస్తులోనే ఉండాలి.

పెర్చ్ వంతు

పొద్దెక్కింది. ఇప్పుడు పెర్చ్ పట్టే వేళ. అడుగున మేత మేసే చేప గనుక దానికోసం మృతమండలం లేనిచోటు కావాలి. కెప్టెన్ పడవను తీరంవైపు, లోతు తక్కువైన చోటుకు తిప్పాడు. తరచు పెర్చ్ గుంపులు ఆక్సిజన్ లేని నీటి అంచును ఆనుకొని, సరిహద్దు దగ్గర కాందిశీకుల్లా గుమిగూడి ఉంటాయి.

లంగరు వేశారు. ఇప్పుడు గాలాలు మన చెరువు గాలాల్లాగే సాదావి. దారం చివర సీసపు గుండు, దాని మీద రెండు ముళ్లు, ముళ్లకు వెండిలా మెరిసే చిట్టిచేపలు. గుండు నేల తాకగానే దారాన్ని కాస్త పైకెత్తి పట్టుకోవాలి. టకటకమని రెండు తాకిళ్లు, లాగితే పెర్చ్!

గంటలోపే బుట్టలో చాలా పడ్డాయి. అందులో ఒకటి మరీ చిన్నది. ‘పాపం, వదిలేద్దాం’ అని మీరనవచ్చు. కాని ఆగండి. దాన్ని జాగ్రత్తగా చూడండి. పొట్ట ఉబ్బిపోయింది. లోపలి భాగం ఒకటి నోట్లోకి తన్నుకొని వచ్చింది.

ఏమైంది దానికి? నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ పీడనం దాదాపు ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. 15 మీటర్ల లోతున మొత్తం పీడనం దాదాపు రెండున్నర వాతావరణాలు. చేప పైకి రాగానే అది ఒకటికి పడిపోతుంది. బాయిల్ సూత్రం మీరు చదివే ఉంటారు. ఉష్ణోగ్రత మారకపోతే, పీడనం ఎన్నోవంతు తగ్గితే వాయువు ఘనపరిమాణం అన్ని రెట్లు పెరుగుతుంది. అంటే గాలితిత్తి రెండున్నర రెట్లు ఉబ్బాలి!

మన శీలావతి, బొచ్చె చేపల గాలితిత్తికి గొంతులోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. ఎక్కువైన గాలిని అవి బుడబుడమని వదిలేయగలవు. పెద్ద పెర్చ్‌లకూ వాల్‌ఐలకూ ఆ గొట్టం లేదు. తిత్తిలోని గాలి మెల్లగా రక్తంలోకి ఇంకి పోవాల్సిందే. దానికి గంటల వ్యవధి కావాలి. గాలం లాగటానికి పట్టేది అరనిమిషం. కనుక లోతునుండి లాగిన చేపను వదిలినా అది కిందికి ఈదలేక వెల్లకిలా తేలుతుంది. పక్షులకు ఆహారమవుతుంది.

బొటనవేలితో మూతి మూసిన, సూదిలేని ఇంజక్షను గొట్టంలో కొంచెం ఊదిన చిన్న బెలూను పెట్టి, పిస్టనును వెనక్కి లాగి చూడండి. బెలూను ఉబ్బటం కనిపిస్తుంది. పెర్చ్ కడుపులో జరిగింది ఇదే.

దీనివల్ల తేలేదేమిటి? లోతు నీటిలో ‘పట్టి వదిలేస్తాం, నష్టమేమిటి’ అనే మాట చెల్లదు. పైకి వచ్చిన ప్రతి చేపా లెక్కలోకి రావలసిందే. లెక్క పూర్తి కాగానే గాలాలు ఎత్తేయాలి. మంచి కెప్టెన్ సరదాకు కూడా ఇంకొక్కటి పట్టనివ్వడు.

ఎవరి లెక్క?

ఏమిటా లెక్క? ఒహాయో నియమం ప్రకారం ఒక మనిషి రోజుకు పట్టదగిన వాల్‌ఐలు ఆరు. అవి 15 అంగుళాలకు, అంటే 38 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పెర్చ్ పరిమితి చోటును బట్టి, ఏడును బట్టి మారుతుంది. 2021లో ఒహాయో పడమటి భాగంలో రోజుకు 30 పట్టనిచ్చారు. నడిమి భాగంలో మాత్రం పదికి తగ్గించారు.

ఒకే సరస్సులో ఈ తేడా ఎందుకు? చేపలను లెక్కబెట్టేవాళ్లు ఉన్నారు గనుక! ఈ సరస్సు ఒడ్డున నాలుగు అమెరికా రాష్ట్రాలు, కెనడాలోని ఒంటారియో రాష్ట్రం ఉన్నాయి. చేపకు సరిహద్దు తెలియదు. పడమట మామీ నదిలో గుడ్లు పెట్టిన వాల్‌ఐ ఎండకాలానికి వందల కిలోమీటర్లు తూర్పుకు ఈదిపోతుంది. చేపల కడుపులో చిన్న శబ్దయంత్రాలు అమర్చి వదిలి ఈ సంగతి తెలుసుకొన్నారు. కనుక అయిదుగురూ కలిసి ప్రతి వసంతంలో కూర్చుని, ఆ ఏడు సరస్సు మొత్తంలో ఎంత పట్టవచ్చో నిర్ణయిస్తారు.

కాకిలెక్కలు పనికిరావు. శాస్త్రజ్ఞులు పరీక్షావలలు వేసి పిల్లచేపలను లెక్కిస్తారు. రేవులలో దిగే చేపలను కొలుస్తారు. వాటి తల లోపలి చెవిరాయిని తీసి వయసు కనిపెడతారు. చెట్టుకాండంలో వలయాలున్నట్టే, ఆ చిన్న రాయిలోనూ ఏటా ఒక వలయం చేరుతుంది. వేసవిలో ఎదుగుదల జోరు, చలికాలంలో మందం. ఆ తేడాయే వలయంగా మిగులుతుంది. ఆ లెక్కలవల్లే 2003, 2015, 2018 సంవత్సరాలలో వాల్‌ఐ పిల్లలు అసాధారణంగా ఎక్కువ బతికాయని తెలిసింది. పెర్చ్‌కు మాత్రం చలి ఎక్కువైన, నిడివైన శీతాకాలం కావాలి. వెచ్చని శీతాకాలం తరువాత దాని గుడ్లు చిన్నవై, పిల్లలు తక్కువగా బతుకుతాయని పరిశీలకులు కనుగొన్నారు.

నీలి చేప చెప్పే పాఠం

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? జాగ్రత్త లేని రోజులు ఈ సరస్సు చూసింది.

వాల్‌ఐకి దగ్గర చుట్టమైన ‘బ్లూ పైక్’ అనే నీలిరంగు చేప ఒకప్పుడు ఇక్కడ ఉండేది. 1950ల మధ్యలో ఏటా వేల టన్నులు పట్టారు. ఎవరికి వారు దొరికినంత పట్టారు. అప్పటికే అడుగునీటిలో ఆక్సిజన్ తగ్గిపోతున్నది. 1960ల మొదటికి ఆ చేప వలలో కనిపించటమే మానేసింది. ఎన్నో ఏళ్లు వెతికి, 1983లో అది అంతరించిపోయిందని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అది వేరే ఉపజాతి కాదు, వాల్‌ఐలోనే ఒక రంగు భేదమని తరువాత జన్యుపరీక్షలు చేసిన కొందరు అంటున్నారు. ఏదైనా, కోట్ల సంఖ్యలో ఉన్న ఆ నీలి చేపలు మళ్లీ తిరిగిరాలేదు.

1969 జూన్ 22న, మనం ఉదయం బయలుదేరిన ఆ కయహోగా నదే నూనె తెట్టుకు నిప్పంటుకొని మండింది. నది మండటమేమిటని దేశమంతా నివ్వెరపోయింది. మరుసటి ఏడు వాల్‌ఐ కండలో పాదరసం ఉన్నట్టు తేలి, ఈరీ సరస్సులో ఆ చేపల వ్యాపారపు వేట ఆపేశారు. ‘ఈరీ చచ్చిపోయింది’ అని పత్రికలు రాశాయి.

చచ్చిపోలేదు. 1972లో అమెరికా, కెనడాలు నీటి నాణ్యతపై ఒప్పందం చేసుకొన్నాయి. బట్టల సబ్బుపొడులలో, మురుగునీటిలో ఉన్న భాస్వరాన్ని తగ్గించాయి. నాచుకు ప్రధానమైన మేత భాస్వరమే. ఇక్కడ సరస్సు స్వభావమూ కలిసివచ్చింది. ఈరీలో నీరు మొత్తం మారటానికి దాదాపు రెండున్నర సంవత్సరాలే పడుతుంది. సుపీరియర్‌లోనయితే సుమారు రెండు వందల ఏళ్లు! త్వరగా చెడిన సరస్సే త్వరగా కోలుకొన్నది. 1980ల నాటికి వాల్‌ఐలు మళ్లీ నిండాయి. బురదలో ఆక్సిజన్ ఉంటేనే బతికే మేఫ్లై పురుగులు 1950లలో మాయమై, 1990లలో తిరిగివచ్చాయి. అవి జూన్ రాత్రుల్లో లేచే గుంపులు వాతావరణ రాడార్ తెరల మీద కూడా కనిపిస్తాయి.

అయితే కథ ముగియలేదు. ‘నీరు పల్లమెరుగు’ అన్నారు పెద్దలు. పొలాలలో వేసిన ఎరువులో కొంత వానతో కలిసి నదికి, నదినుండి సరస్సుకు చేరుతుంది. 1990ల నడుమనుండి ఆ కరిగిన భాస్వరం మళ్లీ పెరిగింది. 2014 ఆగస్టులో టొలీడో నగరపు మంచినీటిలో నాచువల్ల పుట్టిన విషం చేరి, నాలుగు లక్షలమందికి పైగా జనం కొళాయి నీరు తాగవద్దని చెప్పవలసి వచ్చింది. పడమటి పొలంలో ఎక్కువైన గుప్పెడు ఎరువు నాచవుతుంది, నాచు అడుగున కుళ్లుతుంది, ఆక్సిజన్ పోతుంది, పెర్చ్ తన చోటు వదిలి పారిపోతుంది. అప్పుడు కెప్టెన్ తెర ఖాళీగా కనిపిస్తుంది. రైతుకు ఆ కెప్టెన్ ఎవరో తెలియదు. కెప్టెన్‌కు ఆ రైతెవరో తెలియదు. ఇద్దరినీ కలిపేది నీరే.

తిరుగు ప్రయాణం

సాయంత్రం నాలుగయింది. పడవ రేవు చేరింది. చేపలను బల్ల మీద పోసి లెక్కబెట్టారు. ఆరుగురికి ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. వాటిని కోసి, శుభ్రం చేసి, ముక్కలు మంచులో పెట్టి ఇచ్చారు. కోసేటప్పుడు ఒక పెర్చ్ కడుపులో గాలితిత్తిని చూశాం. వేలెడు పొడవున్న ఆ తెల్లని పొర వల్లనే కెప్టెన్ తెర మీద విల్లు కనిపించింది. ఆ పొర వల్లనే చేపను వదిలే వీలు లేకుండా పోయింది.

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. నేర్పనక్కరలేదు. కాని అది ఈదే నీటిలో ఊపిరి ఉండేలా చూడటం మాత్రం మనుషుల చేతిలో పనే.

ఈసారి మీ ఊరి చెరువుగట్టున గాలం వేసే పెద్దాయన కనిపిస్తే, పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఈ చోటే ఎందుకు? ఈ వేళే ఎందుకు? బెండు ఇంత పైన ఎందుకు కట్టావు తాతా? ఆయన చెప్పినదాన్ని రాసుకోండి. తరువాత ఒక ఉష్ణమాపకాన్ని దారానికి కట్టి, చెరువు పైనీటిలో, అడుగునీటిలో ఎంత వేడి ఉందో మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలవండి. పైకి లాగేలోగా అంకె మారిపోకుండా బుడ్డిని తడిగుడ్డతో దళసరిగా చుట్టి, కొన్ని నిమిషాలు నీటిలో ఉంచి, తీసిన వెంటనే చూడాలి. పెద్దవాళ్లు తోడు లేకుండా మాత్రం నీటి దగ్గరకు వెళ్లకండి. తాత మాటకూ మీ అంకెలకూ ఎక్కడ పొత్తు కుదురుతుందో చూడండి. కుదరకపోతే మరీ మంచిది. వెతకటానికి మీకో కొత్త ప్రశ్న దొరికినట్టే!